పసుపు చెరగని చక్రం

మా ఇంట్లో మిషన్లు రెండు. ఒకటి నేను జాకెట్లు కుట్టే కాలు మిషను, ముందు గదిలో కిటికీ పక్కన ఉంటుంది. రెండోది మా ఆయన ఆడుకునే రైలింజను, పడమటి గదిలో బల్ల మీద ఉంటుంది. ఆడుకునేది అంటే ఆయన మూతి ముడుచుకుంటాడు. నడిపేది అనాలట. అరచేతిలో ఇమిడిపోయేదాన్ని పట్టుకొని నడిపేది అనడానికి నాకు చాలా ఏళ్లు నోరు రాలేదు. ఇప్పుడు అంటున్నాను. ఎలా అనగలిగానో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆయన టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పెద్దారవీడు వైపు ఊళ్లలో ఆయన ఎక్కని స్తంభం లేదు. సేద్యం చేసే కుటుంబంలో పుట్టినా ఆయనకు నాగలి కంటే తీగలే బాగా అబ్బాయి. చిన్నప్పుడు వాళ్ల నాయన వెంట మీటరుగేజి బండిలో గిద్దలూరు పోతూ, కిటికీలోంచి తల బయటపెట్టి, కంట్లో బొగ్గు నలుసు పడి ఏడ్చాడట. ఆ నలుసు ఇప్పటికీ బయటికి రాలేదని నేను ఎగతాళి చేస్తుంటాను.

ఉద్యోగం అయిపోగానే పాత తలుపు రెక్కలు రెండు గోడ వారగా బల్లలా వేసి, వాటి మీద పట్టాలు పరచడం మొదలుపెట్టాడు. మార్కాపురంలో పలకల గనులున్నాయి, ఊరవతల రైలు స్టేషనుంది. ఆ రెండింటి మధ్య పలకరాయి మోసే చిన్న రైలు మాత్రం ఎన్నడూ లేదు. లేకపోవడం ఆయనకు అన్యాయంగా తోచింది కాబట్టి తానే వేశాడు. కాగితం గుజ్జుతో నల్లమల కొండ, దాని కింద సొరంగం, నా కత్తిరింపుల్లో మిగిలిన ఆకుపచ్చ పీలికలతో అడవి. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ అడవిలో తమ పాత జాకెట్టు రంగు గుర్తుపట్టి నవ్వేవాళ్లు.

ఇంజను సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఆయనకు కావలసింది మీటరుగేజి కంటే ఇంకా సన్నని పట్టాల మీద నడిచే బుల్లి ఇంజను. అలాంటిది తయారుగా దొరక్క, ఇంకా చిన్న కొలత బొమ్మ రైలు అడుగు భాగాన్ని హైదరాబాదు నుంచి తెప్పించి, దాని మీద పెళ్లి శుభలేఖల అట్టతో ఇంజను ఒళ్లు కట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. నడకే ఉండేది కాదు. ఆ బొమ్మకు కరెంటు పట్టాల్లోంచి వస్తుంది, చక్రాలు దాన్ని అందుకొని లోపలి మోటారుకు ఇస్తాయి. ఉన్నవి నాలుగు చక్రాలు, పైన బరువేమీ లేదు. పట్టా మీద చిటికెడు దుమ్ము పడితే చాలు, కరెంటు అందక ఉన్నచోటే నిలబడిపోతుంది. మా వీధిలో పలకరాయి కోసే షెడ్లున్నాయి. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. దానికి తోడు ఆయన ట్రాలీల్లో నిజం పలకరాయి ముక్కలే నింపేవాడు. వాటి పొడి కూడా పట్టాల మీదే పడేది.

బండి ఆగినప్పుడల్లా వేలితో ఒక్క తోపు తోస్తే మళ్లీ కదిలేది. ఆయన చేతులు బాగున్నన్నాళ్లూ అది మాకు లోపంగానే కనపడలేదు. మారాం చేసే పిల్లను నడిపించినట్టు తోస్తూ, మాట్లాడుతూ, తిప్పుతూ ఉండేవాడు.

తర్వాత ఆయనకు చేతుల్లో వణుకు మొదలైంది. ఒంగోలులో పెద్ద డాక్టరుకు చూపిస్తే మాత్రలు రాసిచ్చాడు. మాత్రలతో ఒళ్లు బిగుసుకుపోవడం తగ్గింది, నడక బాగుపడింది, కానీ వేళ్లు ఆయన మాట వినడం మానేశాయి. అన్నం కలుపుకోవడానికి, చొక్కా గుండీలకు ఏదో ఒక ఉపాయం దొరికింది. గుండీలు పీకేసి నేనే నొక్కుడు గుండీలు కుట్టిపెట్టాను. ఇంజను దగ్గర మాత్రం ఏ ఉపాయమూ పారలేదు. ఆగిన ఇంజనును తోద్దామని వేలు పెడితే, ఆ వణుకుకు అది పట్టాల మీంచి పక్కకు పడిపోయేది. పడినదాన్ని మళ్లీ అంత సన్న పట్టాల మీద నిలబెట్టడం ఆయన వల్ల కాని పని.

అప్పట్నుంచి, "ఏమే, ఒకసారి ఇట్ల రా," అని పిలవడం మొదలైంది.

నేను మిషను మీద సగం కుట్టు ఆపి వెళ్లేదాన్ని. ఒక తోపు తోసి వచ్చి కూర్చునేలోపే మళ్లీ పిలుపు. నాకసలే ముక్కు మీద కోపం. పెళ్లిళ్ల రోజుల్లో అయితే తల ప్రాణం తోకకొచ్చేది. వెళ్లేటప్పుడు సణుగుతూ వెళ్లేదాన్ని, వచ్చేటప్పుడు పెద్దగానే అనేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడం చూస్తే నాకు ఇంకా చిర్రెత్తుకొచ్చేది.

ఒకరోజు గిద్దలూరు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. అన్న అంటే ఆమెకు ప్రాణం. చెల్లెలికి బండి చూపించాలని ఆయన పొద్దున్నుంచీ పట్టాలు తుడిపించాడు, నా చేతనే. తీరా ఆమె వచ్చి నిలబడ్డాక ఇంజను సొరంగం ముందు ఆగింది. నేను తోశాను. మలుపులో ఆగింది. తోశాను. స్టేషను ముందు ఆగింది, అక్కడా తోశాను. ఆమె నా వైపు తిరిగి, "బండి బాగా నడుపుతున్నావు వదినా," అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండా, నిజంగా మెచ్చుకుంటూనే అంది. మేం ముగ్గురం నవ్వాం కూడా.

ఆమె వెళ్లిపోయాక ఆయన స్విచ్చి ఆపి, పాత దుప్పటి తెచ్చి బల్లంతా కప్పేశాడు. ఎందుకు కప్పుతున్నావని అడిగాను.

"నువ్వు తోస్తే నడిచే బండి నాదెట్లయితాది? నీదే అయితాది. నీకేమో అది అక్కర్లేదు," అన్నాడు.

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, అంతటితో పోయేది. మామూలుగా అన్నాడు, కరెంటు పోయిందని చెప్పినట్టు. సరే, పీడా పోయిందనుకొని వచ్చి మిషను మీద కూర్చున్నాను. ఆ తర్వాత నా కుట్టు పని చకచకా సాగింది. ఎవరూ పిలిచేవాళ్లు లేరు. ఆయన వసారాలో కూర్చొని పేపరు చదివేవాడు, చదివిందే మళ్లీ చదివేవాడు. పడమటి గది తలుపు మూసే ఉండేది. నాకు లోలోపల భయం పట్టుకుంది. గుండీలు పోయినా, అన్నం కలుపుకోవడం కష్టమైనా ఆయన లెక్క చేయలేదు. ఈ బండి కూడా పోతే ఇక ఆ కుర్చీలోంచి లేవడేమో అనిపించింది. రోజంతా పేపరు పట్టుకొని కూర్చునే మొగుడు నాకు వద్దు. సతాయించేవాడే కావాలి.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు నేను ఏటా నా మిషనుకు పూజ చేస్తాను. తుడిచి, నూనె పెట్టి, చేతి చక్రం అంచు చుట్టూ పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతాను. ఇరుగు పొరుగు వాళ్లు మోటారు సైకిళ్లకు, బోరు మోటార్లకు చేసినట్టే. ఆ ఏడు నాకే ఎందుకో తోచి పడమటి గదిలోకి వెళ్లి దుప్పటి తీశాను. ఆయన వద్దన్నాడు. మూలన పడేసినా పనిముట్టు పనిముట్టేనని చెప్పి, నేను వినలేదు. ఇంజనును పీట మీద పెట్టి, నా మిషను చక్రానికి చేసినట్టే దాని నాలుగు చక్రాల అంచుల నిండా పసుపు పూశాను. నడవని దేనికైనా నూనె వేసే అలవాటు కాబట్టి మిషను నూనె కూడా రెండు చుక్కలు వేశాను. పట్టాల మీద బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. భక్తిలో ఏ లోటూ చేయలేదు.

పూజయ్యాక పనిముట్టును కొంచెమైనా కదిలించాలి. మిషను మీద నాలుగు కుట్లు వేస్తాం, బండిని నిమ్మకాయ మీంచి పోనిస్తాం. అది తప్పకూడదు కాబట్టి ఆయన లేచొచ్చి స్విచ్చి వేశాడు. ఇంజను కదల్లేదు. అంత పసుపు, నూనె అడ్డం పెట్టుకొని కదిలితే వింత. నేను వేలితో తోశాను, రెండు మూడు చోట్ల తోశాను. మొరాయించి మొరాయించి, కుదుపులతో బల్లకు ఓ పక్క దాకా పోయి, ఆగిపోయింది. పట్టాల మీద పసుపు చారలు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తుడుద్దామని దాన్ని ఎత్తి బోర్లా తిప్పాను.

మూడు చక్రాల అంచుల్లో పసుపు అరిగిపోయి లోహం మెరుస్తోంది. నాలుగో చక్రానికి పూసిన పసుపు పూసినట్టే ఉంది.

నేను దాన్ని ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చూశాడు. వాళ్ల నాయనతో రైలెక్కిన పిల్లవాడు అప్పుడు ఎలా ఉండేవాడో నాకు కొంచెం తెలిసింది.

"ఈ చక్రం అసలు పట్టాను తాకలేదే. ఇన్నాళ్లూ ఇది గాల్లోనే తిరిగిందే," అన్నాడు.

అంటే ఒక పక్క పట్టా నుంచి కరెంటు అందుకోవడానికి ఒక్క చక్రమే ఉందన్నమాట. ఆ ఒక్కదాని కింద నలుసు పడితే బండి ఆగడమే. ఇన్నేళ్లూ దుమ్మును తిట్టాం, వీధిని తిట్టాం, వణుకును తిట్టాం. మేం చేసిన పూజ ఏ దేవుడికి అందిందో కానీ, పసుపుకు మాత్రం దండం పెట్టుకున్నాను. మరొకరి ఇంట్లో అయితే ఎవరు చక్రాలకు పసుపు పూస్తారు, ఎవరికి ఇది కనపడుతుంది?

ఆ చక్రం ఎందుకు లేచిందో నాకు అర్థమైంది. జాకెట్టు చంకలో బిగుతుగా ఉంటే కింది అంచు ఒక పక్క పైకి లేస్తుంది. అంచు పట్టుకొని ఎంత లాగినా కూర్చోదు, చంకలో వదులు చేయాలి. ఇంజనుకు కట్టిన శుభలేఖ అట్ట వానాకాలం చెమ్మకు ఉబ్బి, ఒక మూలన అడుగు భాగాన్ని నొక్కి మెలిపెడుతోంది. నేను ఆయనను అడక్కుండానే నా చిన్న కత్తెర తెచ్చి ఆ మూల సన్నగా కత్తిరించాను. ఆయన గుడ్లు మిటకరించాడు కానీ ఆపలేదు. అద్దం మీద పెట్టి చూస్తే నాలుగు చక్రాలూ ఆనాయి.

అక్కడితో ఆగి ఉంటే సగం నయమయ్యేది. నాకు పట్టుదల వచ్చింది. తోసే అవసరం లేని బండి చేస్తేనే అది ఆయనది అవుతుంది, లేకపోతే ఆ దుప్పటి మళ్లీ కప్పేస్తాడు. ఆయన కుర్చీ బల్ల దగ్గరికి లాక్కొని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. మొదట మందుల షాపు నుంచి స్పిరిటు తెచ్చి చక్రాలు, పట్టాలు కడిగాం. నా నూనె, వీధి దుమ్ము కలిసి కాటుకలా గడ్డకట్టి ఉంది. నూనె పళ్లచక్రాలకే, అదీ సూది మొనతో అంటించినంతే చాలని, పట్టాను తాకే చోట చుక్క కూడా ఉండకూడదని ఆయన చెప్పాడు. ఈ మాట ఆయన ఇదివరకు ఎన్నిసార్లు చెప్పాడో, నా చెవికి అప్పుడు ఎక్కింది.

తర్వాత బరువు. చక్రాలు పట్టాను గట్టిగా అదిమితేనే కరెంటు బాగా అందుతుందన్నాడు. మా వీధి చివర టైర్ల షాపు అతను కారు చక్రాల అంచులకు చిన్న సీసం ముక్కలు అంటిస్తాడు, ఏ పక్కకూ ఒరగకుండా. పాతవి కొన్ని అడిగితే, "దేనికి అక్కా?" అన్నాడు. రైలింజనుకని చెప్పాను. నన్ను ఒక చూపు చూసి, డబ్బాలోంచి పిడికెడు తీసిచ్చాడు, ఇంకేమీ అడగలేదు. ఆ మర్యాదకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. వాటిని ఇంజను కడుపులో సర్దాం, లేచిన చక్రం వైపు ఒకటి ఎక్కువగా.

అన్నిటికంటే కష్టమైంది తీగల పని. ఇంజనుకు నాలుగు చక్రాలే కాబట్టి వెనకున్న ట్రాలీని దానికి శాశ్వతంగా తగిలించి, ట్రాలీ చక్రాలు కూడా కరెంటు అందుకొని ముందుకు పంపేలా చేయాలన్నాడు. అప్పుడు ముందు చక్రాల కింద దుమ్మున్నా వెనక చక్రాలు ఆదుకుంటాయి. మధ్యలో తీగ మందంగా ఉంటే మలుపులో ట్రాలీని పట్టాల మీంచి తోసేస్తుంది. పాడైన ఇయర్‌ఫోను చీల్చి అందులోని వెంట్రుక లాంటి తీగ తీశాం. దాన్ని అతకాలి, పట్టాల అతుకుల దగ్గర కూడా తీగలు అతకాలి. సోల్డరింగు కడ్డీ ఉద్యోగమంతా ఆయన చేతిలో ఉన్నదే. ఇప్పుడు నా చేతికిచ్చాడు.

మొదటి రోజు నేను రెండు వేళ్లు కాల్చుకున్నాను, అట్ట కాల్చాను, ఆయనను కూడా నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన నిదానంగా చెప్పేవాడు. అతికే సీసాన్ని కడ్డీ మీద కరిగించొద్దు, ముందు తీగను వేడి చెయ్యి, తీగే సీసాన్ని తాగుతుంది, ఊదొద్దు, చల్లారేదాకా కదలొద్దు. నాకు పెళ్లయిన కొత్తలో కూడా ఆయన ఇంత ఓపికగా ఏదీ చెప్పలేదు. ఎండలో స్తంభాల మీద కూర్చొని నేర్చుకున్నదంతా ఆ గొంతులో ఉంది. చేతులను పట్టుకుపోయిన జబ్బు ఆ గొంతును నాకు వదిలినందుకు, కడ్డీ పట్టుకొనే మనసులో దండం పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే పొగ అన్నాను. పొగ కూడా ఉందిలెండి.

ఆఖరికి మిగిలింది పలకరాయి ముక్కల పొడి. ముక్కలు మానేసి రంగు వేసిన బెండు పెట్టుకొమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు, మార్కాపురం బండిలో బెండు ఏందని అడిగాడు. న్యాయమే అనిపించింది. ఒక్కో ముక్కకూ రంగులేని గోళ్ల రంగు పూసి ఆరబెట్టాను. మా ఇంటికి వచ్చిన ఒకామె చూసి, రాళ్లకు సోకులు చేస్తున్నావేందని అడిగింది. మా ఇంట్లో రాళ్లకే సోకులు, నాకు లేవన్నాను.

పని అయిపోయిందని ఫలానా రోజున మేం అనుకోలేదు. ఒకటి సర్దితే ఇంకొకటి బయటపడేది, అదీ సర్దేవాళ్లం. ఆ మధ్యలో పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. నా బల్ల మీద జాకెట్ల గుట్ట పెరిగింది. ఆయన పిలిస్తే తప్ప నేను పడమటి గదికి వెళ్లడమే మానేశాను.

ఒకరోజు పొద్దున పట్టు జాకెట్టుకు మెడ కుడుతున్నాను. పట్టు గుడ్డ చేతిలోంచి జారుతుంటుంది, పక్కకు చూడ్డానికి ఉండదు. మెడ చుట్టూ కుట్టు తిప్పి, దారం కొరికి, నడుం వెనక్కి వాల్చాను. అప్పుడు తోచింది, ఈ పొద్దున ఎవరూ నన్ను మిషను మీంచి లేపలేదని. ఆయనకేమైనా అయిందేమోననే మొదట అనుకున్నాను. చెవి ఒగ్గి వింటే పడమటి గదిలోంచి సన్నగా చప్పుడు వస్తోంది. తుమ్మెద ఝుమ్మంటున్నట్టు, ఎక్కడా తెగకుండా, ఒకే తీరుగా.

చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకొని వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద వాటి మానాన అవి వణుకుతున్నాయి. వాటితో ఆయనకు ఏ పనీ లేదు. బండి గని దగ్గర బయల్దేరి, మలుపు తిరిగి, సొరంగంలో దూరి, అవతలికి వచ్చి, స్టేషను దాటి మళ్లీ గని వైపు పోతోంది.

"ఏంది, ఎందుకొచ్చినావు? అది ఆగలేదే," అన్నాడు, దాని మీంచి చూపు తిప్పకుండా.

"ఆగలేదనే వచ్చినాను," అన్నాను.

ఆయన కాలితో స్టూలు నా వైపు జరిపాడు. "తోసే పని లేదులే. కూర్చో," అన్నాడు.

ఇంతకాలంలో నేను ఆ గదిలో కూర్చున్నది లేదు. వంగి తోయడం, సణుక్కుంటూ వెళ్లిపోవడం, లేకపోతే బల్ల మీద వాలి కడ్డీ పట్టుకోవడం. పట్టు గుడ్డ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఇది పలకరాయి దింపే చోటు, ఇక్కడ వాలు ఎక్కువ, ఇక్కడ డ్రైవరు కూత వేస్తాడు అని ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. అవన్నీ తుడిచింది నేనే, అతికింది నేనే, అయినా ఒక్క మాటా అడ్డం చెప్పకుండా విన్నాను. ఆయన తన బండిని నాకు చూపించాడు.